నీళ్ళు చూసే పిల్ల

రావులపాలెంలో బస్సు మారాలి. అరటిగెలల లారీలు రోడ్డుకి అడ్డం పడి, డ్రైవర్లు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే, ఆ గోలతో తనకేమీ సంబంధం లేనట్టు ఒకావిడ గోనెపట్టా మీద పెద్ద ఉసిరికాయలు కుప్ప పోసుకుని కూర్చుంది. నేను మామూలుగా ఉసిరికాయల జోలికి పోను. కార్తీకంలో వనభోజనాలకి వెళ్ళినా, ఉసిరి పచ్చడి వడ్డిస్తుంటే ఆకుకి చెయ్యి అడ్డం పెడతాను. పళ్ళు పులుస్తాయని చెప్తాను. అది అబద్ధం.

ఆ రోజు మాత్రం కావాలనే కొన్నాను. ఒకటి కొరికి, వగరుకి మొహం చిట్లించుకుని, సీసా మూత తీసి ఒక గుక్క నీళ్ళు తాగాను. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పానకమైపోయాయి. ఈ తీపి కోసమే పిల్లలు ఉసిరికాయ తింటారు. నాకు మాత్రం అది నాలుకకి తగలగానే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ తరవాత కూడా మండింది. నాది మొదటి నుంచీ ముక్కు మీద కోపమే. కాకపోతే ఈ కోపం ముక్కు మీద ఆగలేదు, లోపలికి దిగి స్థిరపడిపోయింది. మిగిలిన కాయలు సంచిలో వేసుకుని ఊరి బస్సు ఎక్కాను.

ఊరికి రమ్మన్నది మా బాబాయి. నాలుగు రోజుల క్రితం ఫోన్ చేశాడు.

"నేనమ్మా, బాబాయిని."

"చెప్పండి."

"చెరువు పూడ్పించేసేనమ్మా. వానాకాలం నీళ్ళతో నేల కడిగించేను. దాళ్వాకి ఒక మూల ఆకుమడి పోద్దామని విత్తనం సిద్ధం చేసుకుంటన్నాను. నువ్వొచ్చి నీళ్ళు చూడాలి."

"నీళ్ళలో ఉప్పు చూసే మిషన్లు వచ్చేయి కదండీ."

"పెట్టి చూసేరమ్మా. ఏదో అంకె చెప్పి, పర్లేదన్నారు. పర్లేదంటే ఏంటో నాకు తెలీలేదు. నువ్వు రా."

జాలిపడి బయల్దేరాననుకునేరు. కాదు. ఆయన మొహం చూడాలనిపించింది, అంతే.

మాది కాలువకి శివారు ఊరు. గోదావరి నీళ్ళు గన్నవరం అక్విడెక్టు మీదుగా దాటి, దారిలో అందరి చేలూ తడిపి, అందరి గేదెల్నీ కడిగి, ఏమన్నా మిగిలితే మాకు వచ్చేవి. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, వానలుండేవి కాబట్టి ఎలాగో గట్టెక్కేవాళ్ళం. వేసవి పంట దాళ్వాకే ప్రాణం మీదకి వచ్చేది. ఆకుమడిలో నారు బెత్తెడు ఎదిగి పచ్చగా ఊగుతుంటుంది, కాలువలో మాత్రం బురద తప్ప ఏమీ ఉండదు. అప్పుడిక మురుగుకాలువే దిక్కు. పై ఊళ్ళ చేలల్లోంచి దిగిన నీళ్ళు దాంట్లో నిలిచి ఉండేవి. వాటిని ఇంజనుతో తోడుకుని మడికి పెట్టుకునేవాళ్ళం.

కానీ ఆ మురుగుకాలువకి రెండో కొస ఉప్పుటేట్లో ఉంది. పోటు వచ్చినప్పుడు సముద్రం అంతర్వేది వైపు నుంచి ఎగదన్ని ఎంతవరకు వస్తుందో ఎవరికీ తెలీదు. కంటికి అన్ని నీళ్ళూ ఒకటే. ఉప్పు తగిలిన నీళ్ళు ఒక్కసారి మడిలోకి వెళ్ళాయంటే నారు కొసలు ఎర్రబడి మాడిపోతుంది. అందుకని ఇంజను పెట్టే ముందు నీళ్ళు నోట్లో వేసుకుని చూడటం మా ఊళ్ళో ఆచారం. పెద్దవాళ్ళ నాలుకలు అందుకు పనికిరావు. మగవాళ్ళకి కిళ్ళీలు. మా మామ్మయితే అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. "నా నాలిక్కి కారమే తెలీదు, ఉప్పేం తెలుస్తాదే" అనేది. కాబట్టి ఏటేటా ఒక పిల్లనో పిల్లాడినో చూసేవాళ్ళు. ఆ ఏడు నేను. అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో.

నీళ్ళు చూసే పిల్లంటే ఆ రోజుకి ఊళ్ళో చిన్న అధికారిణి కింద లెక్క. చూసే దాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకూడదు. చూశాక మాత్రం రాజభోగం. పిడకల దాలిలో ఎర్రగా కాగిన పాలమీద మీగడ, చద్దన్నంలో గడ్డపెరుగు, చక్కెరకేళీ పండు. ఆ మీగడ తలుచుకునే నేను ఒప్పుకున్నాను. ఊరి కోసం అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ ఏడు నీళ్ళు చూడటం మామూలుగా జరిగేలా లేదు. మురుగుకాలువని ఆనుకుని ఉన్న చేలు పక్క ఊరాయన ఒకడు కౌలుకి తీసుకుని, మా ప్రాంతంలో మొట్టమొదటి రొయ్యల చెరువు తవ్వాడు. ఆయన్ని అందరూ చెరువాయన అనేవాళ్ళు. ఉప్పుటేట్లోంచి నీళ్ళు తోడి చెరువు నింపేవాడు, వాడిన నీళ్ళు మురుగుకాలువలోకి వదిలేవాడు. ఎర్ర మోటారు సైకిలు, నల్ల కళ్ళద్దాలు, దగ్గరికొస్తే సెంటు వాసన. మిగిలిన చేలు కూడా కౌలుకి ఇస్తే వరుసగా చెరువులు తవ్విస్తానని ఇంటింటికీ తిరిగి చెప్తున్నాడు. సగం ఊరు ఊగుతోంది. ఎదురు తిరిగిన మనిషి మా మామ్మ ఒక్కతే. మా నాన్న సంగతి అడక్కండి, ఎవరేమన్నా సరేనన్నట్టు "ఆయ్" అనేవాడు, వాళ్ళమ్మ అన్నా, చెరువాయన అన్నా.

బాబాయి అలా కాదు. మా ఇంట్లో నాకు బాగా ఇష్టమైన మనిషి బాబాయే. సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పుంత దారంతా తిప్పేవాడు. వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వెయ్యడం నేర్పాడు. ఎవరి పాతరలోంచో తేగలు పీక్కొచ్చి, మామ్మ చూడకుండా పాలదాలిలో కుక్కి కాల్చేవాళ్ళం. సాయంత్రం పాలు తేగల వాసన కొట్టేవి. మామ్మ కుండ మూతి వాసన చూసి మా ఇద్దరి మొహాలూ చూసేది. బాబాయి నా కంటే అమాయకంగా మొహం పెట్టేవాడు. ఆ విద్యలో ఆయనకి సాటి లేరు.

అన్నాల దగ్గర బాబాయికీ మామ్మకీ రోజూ అదే గొడవ.

"ఎన్నాళ్ళమ్మా ఈ బురద? సార్వా అంటే తుఫాను, దాళ్వా అంటే నీళ్ళు లేవు. ఇద్దరం ఆ చేను మీద పడి దేకుతున్నాం. నా వాటా నాకిచ్చెయ్యి, నేను చెరువుకిచ్చుకుంటాను."

"నీ వాటా చెరువైతే నా వాటా చేనుగా ఉంటాదట్రా? ఉప్పు గట్టు దగ్గర ఆగి, అమ్మగారి చేనండీ అని దణ్ణం పెట్టి వెనక్కెళ్తాదా?"

"ఆయన చెరువు తవ్వి ఏడాదవుతంది. ఎవరి చేను చచ్చిందో చూపించు."

"మురుగుకాలవలోకి వదుల్తన్నాడు కదా, ఆ నీళ్ళు మడికి పెట్టు, తెలుస్తాది."

అదిగో, ఆ మాట దగ్గరే పట్టుదల వచ్చింది. ఊరి నీళ్ళ వంతులు చూసే పెద్దాయన అరుగు మీద అందరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. మురుగుకాలువ నీళ్ళలో ఉప్పు ఉన్నట్టు తేలితే చెరువాయన నీళ్ళు వదలడం మాని చెరువు ఎండగట్టుకోవాలి, మిగిలినవాళ్ళెవరూ కౌలుకి ఇవ్వకూడదు. ఉప్పు లేదని తేలితే మామ్మ ఇక నోరెత్తకూడదు, ఇష్టమైనవాళ్ళు ఇచ్చుకోవచ్చు, బాబాయితో సహా. తేల్చేది ఎవరు? ఆచారం ఉందిగా. "పిల్ల చెప్పిన మాటే మాట" అన్నాడు పెద్దాయన. చెరువాయన నన్ను చూసి నవ్వాడు. ఆ నల్ల కళ్ళద్దాల్లో నేను రెండుగా కనిపించాను.

నీళ్ళు చూడ్డానికి ఇంకా రెండ్రోజులుంది, ఆ రెండ్రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ నా నోటికేసే చూసేవాళ్ళు. కళ్ళంలో వరికుప్ప దగ్గర ధాన్యం ఎగరేస్తున్న ఆడవాళ్ళు చేటలు ఆపి, "ఏమ్మా, జాగ్రత్తగా చూడు. మాకు ఊడుపుల కూలి ఉండేదీ లేందీ నీ నాలిక మీదుంది" అన్నారు. చెరువులొస్తే ఊడుపులుండవని, కోతలుండవని వాళ్ళకి అప్పుడే తెలుసు. ఇంకొకాయన బెల్లంముక్క చేతిలో పెట్టి, "మంచిమాట చెప్తావు కదూ" అన్నాడు. ఏది మంచిమాటో ఆయన చెప్పలేదు. బెల్లం మాత్రం నేను తినేశాను, అది ముందురోజు కాబట్టి తప్పులేదు.

పొద్దున్నే మంచు ఇంకా విడవకముందే మామ్మ చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి చెంబు తోమింది. లోపలా బయటా తోమి, పొడిగుడ్డతో తుడిచి, కడవలోంచి మంచినీళ్ళు నింపింది. ముందు ఆ నీళ్ళతో నోరు పుక్కిలించి, తరవాత కాలువ నీళ్ళు చూడాలి. అది పద్ధతి. "చెంబు ఎవరికీ ఇవ్వకురా, ఒలకనివ్వకు" అని బాబాయికే ఇచ్చింది. ఆవిడా నాన్నా అడ్డదారిన గట్లమీంచి నడిచి వెళ్ళారు. నేనూ బాబాయీ సైకిలు మీద.

దారిలో గడ్డిమేటు దగ్గర బాబాయి సైకిలు ఆపాడు. "ఉండమ్మా, చక్రంలో గాలి ఉందో లేదో చూస్తాను. నువ్వలా వెళ్ళి ఆ బోదె కాలవలో మట్టగిడస చేపలున్నాయేమో చూడు." నేను వెళ్ళి చూశాను. మట్టగిడసలున్నాయి. వాటిని చూస్తూ నేను చాలాసేపే కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి చెంబు హ్యాండిలుకి వేలాడుతోంది, మూతకి కట్టిన గుడ్డ కొంచెం తడిసి ఉంది. బాబాయి ఈల వెయ్యలేదు. దారిపొడుగునా ఈల వెయ్యకపోవడం అదే మొదటిసారి.

మురుగుకాలువ గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. తాటిదుంగల మీద ఆయిలింజను సిద్ధంగా పెట్టారు, గొట్టం మా ఆకుమడి గట్టు మీదికి వేసి ఉంచారు. మామ్మ మడి దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నారు మీద మంచు మెరుస్తోంది. అంత లేతపచ్చ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

బాబాయి చెంబు మూత విప్పి నా దోసిట్లో నీళ్ళు పోశాడు. పుక్కిలించాను. నోరంతా పిడచగట్టినట్టయింది.

"బాబాయ్, వగరుగా ఉన్నాయేంటి?"

ఆయన నా చెవి దగ్గరకి వంగాడు. "చెంబు కిలుం అమ్మా. గట్టిగా అనకు. మామ్మకి తోమడం చేతకాలేదని నలుగురూ నవ్వుతారు."

మామ్మని చూసి ఎవరైనా నవ్వితే నేను ఊరుకుంటానా? నోరు మూసుకుని మళ్ళీ పుక్కిలించాను, శుభ్రంగా, మరోసారి కూడా.

పెద్దాయన కాలువ నీళ్ళు కొబ్బరిచిప్పలో ముంచి ఇచ్చాడు. నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు తగిలితే నాలుక పక్కల జిల్లుమంటుందని మామ్మ నేర్పింది. జిల్లుమంటుందేమోనని కళ్ళు మూసుకుని చూశాను. అనలేదు.

"ఉప్పుందా అమ్మా?"

"లేదండి."

"సరిగ్గా చూసి చెప్పు."

మళ్ళీ చూశాను. "లేదండి. బాగున్నాయండి."

జనంలో ఒక్కసారిగా కేక లేచింది. కొందరు సంతోషంతో, కొందరు ఏం చెయ్యాలో తెలీక. చెరువాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి సంగతి ముందే తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. బాబాయి పరుగున వెళ్ళి ఇంజను తిప్పాడు. నల్లపొగ కక్కి అది దడదడలాడింది. గొట్టంలోంచి నీళ్ళు మా ఆకుమడి మూలలోకి దూకాయి. అటూ ఇటూ ఉన్న మళ్ళవాళ్ళు కూడా బోదెలు సవరించుకుని వరసలో నిలబడ్డారు.

నాకు దాహం వేసింది. కూలికొచ్చిన ఒకావిడ తన ముంతలోంచి నీళ్ళు పోసింది. గుక్క మింగాను. తియ్యగా ఉన్నాయి. ఇంకో గుక్క. పానకంలా ఉన్నాయి. ఆవిడ ముంతలో పంచదార ఎందుకుంటుంది? ఆ తీపి ఎప్పుడు వస్తుందో మా దొడ్లో ఉసిరిచెట్టు కింద పెరిగిన నాకు ఎవరో చెప్పాలా? ఆ తీపి కింద కాస్త ఉప్పున్నా నాలుకకి తెలీదు. వగరు గుర్తొచ్చింది, గడ్డిమేటు గుర్తొచ్చింది, తడిసిన గుడ్డ గుర్తొచ్చింది.

ఇంజను దగ్గరకి పరిగెత్తాను. "బాబాయ్, ఆపెయ్యి! ఇంజను ఆపెయ్యి!"

ఆయన నన్ను చూశాడు. వినపడలేదని అనుకోవడానికి వీల్లేదు, చేతికందేంత దగ్గర్లో ఉన్నాను. చూసి, మొహం తిప్పుకుని, ఇంజను బెల్టుకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆపలేదు.

అప్పుడు మామ్మ దగ్గరకి పోయాను. "మామ్మా, నా నోరు బాగాలేదు. అన్నీ తియ్యగా ఉన్నాయి. ఉసిరికాయ తిన్నట్టుంది. నేను తినలేదు మామ్మా, ఒట్టు."

చుట్టూ మూగారు. "తినకుండా ఎలా వస్తాదమ్మా?" అన్నారెవరో. "చెప్పిన మాట చెప్పేక ఇదేం వేళాకోళమండీ" అన్నాడు చెరువాయన. పెద్దాయన నా గడ్డం పట్టుకుని, "నీకు తినడానికి ఎవరైనా ఏమైనా ఇచ్చేరా?" అని అడిగాడు.

"తినడానికి ఇవ్వలేదండి. చెంబులో..." అన్నాను. బాబాయి పేరు నా నోటి దాకా వచ్చింది.

మామ్మ చెయ్యెత్తి నన్ను ఆగమంది. నడుచుకుంటూ వెళ్ళి సైకిలుకి వేలాడుతున్న చెంబు తీసింది. లోపలికి చూసింది. నేనూ చూశాను. లోపల బంగారంలా మెరుస్తోంది, చుక్క కిలుం లేదు. అడుగున గుక్కెడు నీళ్ళు, వాటిలో నలిగిన ఉసిరి తొనలు రెండు. మామ్మ తలెత్తి ఇంజను దగ్గరున్న కొడుకుని చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ చెంబు అలా పట్టుకెళ్ళి పెద్దాయనకి చూపిస్తే చాలు. చెరువులాగిపోయేవి, మా చేను నిలిచేది, ఊరి చేలన్నీ నిలిచేవి. బాబాయి మాత్రం ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకుని తిరిగేవాడు కాదు.

మామ్మ చెంబు బోర్లించేసింది. తొనలు కాలితో బురదలోకి తొక్కింది. వచ్చి నన్ను చెంప మీద లాగి కొట్టింది.

"చెట్టెక్కి దొంగతిళ్ళు తినొద్దని చెప్పేనా లేదా?"

నేను ఏడవలేదు. ఆవిడకేసి చూశాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి, కానీ చెయ్యి మాత్రం గట్టిగానే పడింది.

"రేపు ఇంకో పిల్లతో చూపిద్దామండీ" అన్నాడు మా నాన్న, జీవితంలో మొదటిసారి "ఆయ్" కాకుండా వేరే మాట. చెరువాయన ఒప్పుకోలేదు. ఆయన వెనక అప్పటికే చాలామంది చేరారు. పెద్దాయన మామ్మకేసి చూశాడు. ఆవిడ ఒక్క మాట అంటే ఆయన మళ్ళీ చూపించేవాడే. ఆవిడ అనలేదు. "చెప్పిన మాటే మాట" అని ఆయన వెళ్ళిపోయాడు.

మామ్మ మడి దగ్గరకి వెళ్ళి, రెండు చేతులతో గొట్టం ఎత్తి కాలువలోకి పారేసింది. "నా మడికి ఈ నీళ్ళొద్దు. మీ మళ్ళు మీ ఇష్టం" అంది. వాళ్ళు గొట్టం తీసి తమ మళ్ళకి వేసుకున్నారు.

ఆ సాయంత్రం మీగడ పెట్టారు. నేను ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే గొడ్డలి చప్పుడుకి లేచాను. మామ్మ ఏటా కార్తీకంలో కింద దీపం పెట్టి పసుపు రాసే ఉసిరిచెట్టుని మనిషిని పెట్టి కొట్టిస్తోంది. "ఉసిరిచెట్టు కొట్టకూడదండీ, పాపం" అని పక్కింటావిడ గోడ మీంచి అంటే, "నాకు తగులుతాదిలెండి" అంది. బాబాయి అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

వారం తిరక్కుండానే మా మడి మూల, ఆ కాస్త నీళ్ళు పడిన మేర, నారు కొసలు ఎర్రబడ్డాయి. మిగిలినవాళ్ళ మళ్ళు మొత్తం పోయాయి. నారు లేనివాళ్ళు దాళ్వాకి ఏం ఊడుస్తారు? ఉగాదికల్లా ఒకళ్ళ తరవాత ఒకళ్ళు చేలు చెరువాయనకి ఇచ్చేశారు. బాబాయి వాటా కూడా వెళ్ళింది. మామ్మ తన సగంలో మిగిలిన నారు ఊడ్చింది. చుట్టూ తవ్విపోసిన మట్టిదిబ్బలు, మధ్యలో ఆ పచ్చటి చెక్క. పండింది కూడా. అదే ఆఖరి పంట. మరుసటి సార్వాకి గట్టు కిందనుంచి ఉప్పు ఊటలా మా చేలోకి వచ్చింది, దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళలేదు.

తరవాత ఏం జరిగిందో మీరెక్కడైనా చూసే ఉంటారు. గడ్డి లేక గేదెల్ని అమ్మేశారు. దాలి ఆరిపోయింది. చేటలు ఆపి నాతో మాట్లాడిన ఆడవాళ్ళు తెల్లారకుండా వ్యానెక్కి రొయ్యల తలలు తియ్యడానికి షెడ్లకి వెళ్ళేవాళ్ళు. వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయేది. బోదెల్లో మట్టగిడసలు పోయాయి. కొబ్బరిచెట్లు మొవ్వు సన్నబడి, పిందెలు రాల్చుకుని, స్తంభాల్లా మిగిలాయి. బావిలో నీళ్ళు కుళ్ళు వాసన వేసేవి, తాగే నీళ్ళు టిన్నుల్లో వచ్చేవి. మొదట్లో బాగానే ఉన్నారు, అది కూడా చెప్పాలి. మిద్దెలు లేచాయి, బాబాయి కూడా ఎర్ర మోటారు సైకిలు కొన్నాడు. తరవాత రొయ్యకి తెగులు వచ్చింది. చెరువాయన ఎటు పోయాడో తెలీదు.

నేను ఆ రోజు నుంచి బాబాయిని "మీరు" అనడం మొదలుపెట్టాను. అందరూ పిల్లకి మర్యాద వచ్చిందన్నారు. ఆయనకి మాత్రం అర్థమైంది. సైకిలెక్కమంటే "వద్దండి" అనేదాన్ని. నా పెళ్ళిలో ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఊరుకోండి" అన్నాను. మామ్మ మీద కోపం మాత్రం ఆవిడ పోయే ముందే పోయింది. ఆఖరి రోజుల్లో ఒకసారి నా చెంప నిమిరి, అదే చెంప, "మండిందా?" అని అడిగింది. "లేదు మామ్మా" అన్నాను. ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించింది.

బస్సు దిగేసరికి బాబాయి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి వంగిపోయాడు. వెనక చెరువు పూడ్చిన నేల తెల్లగా, బీటలు వారి ఉంది. ఒక మూల మాత్రం దమ్ము చేసి, చదును చేసి, ఆకుమడి సిద్ధం చేశాడు. పక్కనే బోరు మోటారు నడుస్తోంది, నీళ్ళు బోదె వెంట మడి దాకా వచ్చి, మట్టి అడ్డం దగ్గర ఆగి ఉన్నాయి. మొలకొచ్చిన విత్తనం తడిగోనెలో ఉంది. ఆ గోనె మీదకి వంగి వాసన చూశాను. మొలకెత్తిన వడ్ల వాసన ఆ ఊళ్ళో ఎన్నేళ్ళయిందో.

"వచ్చేవామ్మా. నోరు పుక్కిలించు" అని చెంబు అందించాడు. అదే చెంబు.

"మీ చెంబు వద్దండి. నా సీసా ఉంది."

ఆయన నవ్వలేదు. చెంబు కింద పెట్టేశాడు. నేను సంచిలోంచి ఉసిరికాయ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ముందు మీరిది తినండి."

కాయని వేళ్ళతో అటూ ఇటూ తిప్పాడు. చూసి, ఉన్న రెండు పళ్ళతో కొరికి, నిదానంగా నమిలి మింగాడు. వంగి బోదెలో నీళ్ళు వేలితో నాలుకకి రాసుకున్నాడు.

"ఎలా ఉన్నాయండి?"

"పంచదారలా ఉన్నాయమ్మా." "ఆ రోజు నువ్వు వగరుగా ఉన్నాయన్నావు. నేను కిలుం అన్నాను. మా అమ్మ పోయేదాకా నన్నొక్క మాట అనలేదమ్మా. అంటే బాగుండేది. ఆవిడ పోయేకైనా ఈ నేలలో మళ్ళీ ఓ గుప్పెడు నారు పోద్దామని... నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెప్తే అది."

నా నోట్లో రావులపాలెం ఉసిరి తీపి ఎప్పుడో పోయింది. అయినా సీసా నీళ్ళతో శుభ్రంగా పుక్కిలించాను. బోదెలో నీళ్ళు దోసిట పట్టి నాలుక మీద వేసుకున్నాను. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాక నా నాలుకకి ఉప్పు బాగా తెలుస్తుంది. కళ్ళు మూసుకున్నాను.

నాలుక పక్కల జిల్లుమంది.

కళ్ళు తెరవలేదు. ఉప్పని చెప్తే పగ తీర్చుకుంటున్నాననుకుంటాడు. లేదని చెప్తే ఈ ముసలాయన ఇవాళ సాయంత్రం విత్తనం చల్లుకుని, పచ్చదనం చూసుకుని, వారానికి కొసలు ఎర్రబడటం కూడా చూస్తాడు. బాగున్నాయి అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఒకసారి ఆ మాట అన్నందుకు ఊరు పోయింది.

"ఉప్పే" అన్నాను. "తగ్గింది గానీ ఉంది. ఈ ఏడు వద్దు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏం వెతికాడో నాకు తెలుసు. నేను కళ్ళు తిప్పుకోలేదు. కోపం ఉండాల్సిన చోట ఏమీ లేదు, మోటారు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

బాబాయి కుర్చీ చేతులు ఊతం చేసుకుని లేచాడు. నేను లేవబోతే వద్దన్నాడు. గట్టు పట్టుకుని, ఆగి ఆగి మోటారు దాకా నడిచి, స్విచ్చి కిందకి లాగాడు. చప్పుడు ఆగిపోయింది. బోదెలో నీళ్ళు మడి ముందు అలాగే నిలబడిపోయాయి.

"ఆపేసేనమ్మా" అన్నాడు, అక్కడి నుంచే.

"చాలా ఆలస్యం చేసేవు బాబాయ్" అన్నాను.

"ఆయ్" అన్నాడు.